బాలమల్లు విమానం మీది బొమ్మ

నిర్మల్‌లో చెక్కల మీద బొమ్మలు వేసే నకాషీ అంతయ్యకు ఒక జబ్బు ఉండేది: అడిగినవాళ్లకు కాదనలేకపోవడం. ఊరివాళ్లు దాన్ని మంచితనమనేవారు. నేనైతే పిరికితనమంటాను. ఎదుటివాడి ముఖం చిన్నబోతే చూడలేడు, అంతే.

యుద్ధకాలంలో అతడు అస్సాం వైపు మిలిటరీలో పెయింటరుగా చేశాడు. బాంబులు వేసే విమానాల మీద అంకెలు రాయడం పని. విమానంలో ఎగిరే కుర్రాళ్లకు అంకెలు చాలవు, విమానం ముక్కు మీద బొమ్మ కావాలనేవారు. రేపు తిరిగొస్తారో రారో తెలియనివాళ్లు కదా, పైదొరలు కూడా చూసీచూడనట్టు ఊరుకునేవారు. ధర్మపురి పక్క పల్లె నుంచి వచ్చిన బాలమల్లు ఒక విమానంలో వెనక తుపాకీ దగ్గర కూర్చునేవాడు. అతడూ అంతయ్య చేత బొమ్మ వేయించుకున్నాడు. మూడోవారం ఆ విమానం బర్మా మీదికి పోయి మళ్లీ రాలేదు. శవం కూడా దొరకలేదు.

పోలీసు చర్య జరిగిన నాలుగో ఏడు బాలమల్లు తల్లి కొమురవ్వ గోదావరి దాటి నిర్మల్ వచ్చింది. ఆమె దగ్గర కొడుకు ఫోటో లేదు. ఇంగ్లీషోళ్ల కొలువులో చచ్చినవాణ్ణి నిజాం సర్కారు తనవాడనుకోలేదు. తరువాత వచ్చిన సర్కారుకు వాడి పేరే తెలియదు. ఆమెకు మిగిలింది ఒక ఉత్తరం. విమానం మీద నీ బొమ్మే వేయించానవ్వా, నిర్మల్ అంతయ్య వేశాడు అని అందులో ఉంది. ఆ బొమ్మ మళ్లీ వేసిమ్మని అడిగింది. పెద్దల అమావాస్య పెత్రమాసకు వాడి పేరిట బియ్యం ఇచ్చేటప్పుడు ముందర పెట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా అంది.

అంతయ్య వేసింది ఆమె బొమ్మ కాదు. ఇంగ్లీషు పత్రికలోంచి చింపిన కాగితం చూసి, ఒంటిమీద సగం గుడ్డే ఉన్న దొరసానిని వేశాడు. కుర్రాళ్లందరూ అదే అడిగేవారు. తల్లికి అబద్ధం రాసి బాలమల్లు హాయిగా పోయాడు, దాన్ని మోసే వంతు ఇతడికి వచ్చింది. చచ్చినవాడి మీద కోపం తప్పంటారు గాని, నాకు ఇప్పటికీ కోపమే.

కాదనలేడుగా! ఆమెను ఎదురుగా కూర్చోబెట్టి, పొనికి చెక్క మీద మూడు రోజులు వేశాడు. ముడతలు తగ్గించాడు. చివరికి అలవాటుకొద్దీ చెయ్యి దానంతటదే పోయి నొసట రూపాయి బిళ్లంత బొట్టు పెట్టింది. నిర్మల్‌లో ఆడమనిషి బొమ్మ బొట్టుతోనే పూర్తవుతుంది.

కొమురవ్వ బొమ్మ నొసటి బొట్టుకేసి వేలు చూపింది.

"నా పెనిమిటి సచ్చేనాటికి మల్లు కడుపుల ఉన్నడు బిడ్డా. నన్ను బొట్టుతోని వాడెన్నడు సూడలే. వాడు చెప్పి ఏయిస్తే గీ బొట్టెట్లొచ్చింది?"

చెయ్యి జారిందని ఒక్క మాట అంటే సరిపోయేది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అంతయ్యకు అబద్ధం నోట రాలేదు. తలవంచుకుని ఉన్నదంతా చెప్పేశాడు. ఆమె ఏడవలేదు. ఆ దొరసాని నవ్వుతూ ఉండెనా అని మాత్రం అడిగింది. నవ్వుతూనే ఉండెనన్నాడు. అయితే ఆమెనే వెయ్యమంది.

సిగ్గుతో చస్తూ మళ్లీ మొదలుపెట్టాడు. దొరసాని భుజం మీద కొంగు గీయబోతే కొమురవ్వ చెయ్యి పట్టుకుని ఆపింది.

"గామెను ఇంట్ల ఎట్ల వెట్టుకుంటవవ్వా?" అన్నాడు.

"ఉన్నది ఉన్నట్టే ఎయ్యి బిడ్డా. వాడు కాలం జేసేనాడు ఎంబడి ఉన్నది గామె. నేను గాదు."