సున్నా పాయింట్ నాలుగు

పోయినవి ముందు రాస్తాను. ఆదివారాలు నాలుగు. సెలవులు మూడు. సైలెన్సర్ గొట్టంలో ఉండి పొగను శుభ్రం చేసే జాలీ ఒకటి. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా నన్ను దారిలో నిలబెట్టని రెండు లీటర్ల పెట్రోలు కారు ఒకటి.

నేను గోదావరిఖనిలో బొగ్గు టిప్పర్లు తూకం వేసే కాటా గుమాస్తాను. జ్యోతినగర్‌లో ఒక ఇంజనీరు బదిలీ అయి వెళ్తూ అమ్మితే ఆ కారు కొన్నాను. కరీంనగర్ రోడ్డు మీద మూడో గేరులో తొక్కితే వీపు సీటుకు అతుక్కునేది. ఇరవై ఆరేళ్ళ డ్యూటీలో నాకంటూ ఉన్న సంతోషం అదొక్కటే.

దానికి పదిహేనేళ్ళు నిండాయి. నెలాఖరులోగా రిజిస్ట్రేషన్ మళ్ళీ చేయించకపోతే రోడ్డెక్కకూడదు. అందుకు పొల్యూషన్ సర్టిఫికెట్ కావాలి. పొగలో కార్బన్ మోనాక్సైడ్ సున్నా పాయింట్ ఐదు శాతం దాటకూడదు.

మొదటి ఆదివారం 0.6 వచ్చింది. ప్లగ్గులు మార్చాను. రెండో ఆదివారం 0.7. ఆయిలు, ఎయిర్ ఫిల్టరు మార్చాను. మూడో ఆదివారం 0.8. ప్రతిసారీ నోటు పుస్తకంలో రాశాను: ప్లగ్గుల నంబరు, పెట్రోలు ఎంత ఉంది, వరుసలో నా ముందు ఎన్ని బండ్లున్నాయి.

గనిలో ఆగిన బండి ఇంజను బంద్ చెయ్యాలి. కాటా దగ్గర ఇంజను ఆపని డ్రైవరు పేరు నేనే రాసుకుంటాను. ఆ అలవాటుతో పరీక్ష వరుసలోనూ ఇంజను ఆపి, తలుపు తెరిచి, ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని కారును నెట్టుకుంటూ పోయేవాణ్ణి.

"కాకా, గింత పెద్ద ఇంజను పెట్టుకుని నెట్టుడేంది? రెండు ఎడ్లను కట్టరాదు?" అన్నాడు వెనక ఆటో డ్రైవరు.

ఇంట్లో నా భార్య, "ఆ పొగను మీ కాటా మీదనే పెట్టుండ్రి, తూకం తేలుతది" అంది. నాకు నవ్వు రాలేదు. తొమ్మిది రోజులే మిగిలాయి.

మెకానిక్ కారు కిందికి దూరి చూశాడు. "అన్నా, జాలీ ఖరాబైంది. లోపల తేనెపట్టు లెక్కుంటది గదా, గదే మూసుకపోయింది. కొట్టేస్తే ఇంజను ఫ్రీ అయితది."

"పొగ తగ్గుతదా?"

"ఫికర్ చెయ్యకు."

కొట్టెయ్యమన్నాను. ఇనుప కడ్డీతో లోపలిదంతా పొడిచి రాల్చాడు.

నాలుగో ఆదివారం వరుస లేదు. రోడ్డు మీద నుంచి నేరుగా వెళ్ళి పెట్టాను. 0.9.

"ఇయ్యాల గూడ గింతనా!" అని పరీక్ష చేసే ఆయన కిందికి వంగి చూశాడు. "జాలీ ఏది?"

"కొట్టేయించిన. ఖరాబైందన్నరు."

"ఎవ్వడన్నడే? జాలీ వేడెక్కితెనే పని చేస్తది. నువ్వు ఇంజను బంద్ చేసి చల్లారబెట్టి తెస్తివి. ఇయ్యాల్టి లెక్క నడిపించుకుంట వస్తే పాసయ్యేటోనివి."

"గీ మాట ముందుగాల చెప్పొద్దా?"

"పెట్రోలు మిగిలిస్తున్నవనుకున్న అన్నా."

ఇంటికొచ్చి పుస్తకం తీశాను. నా ముందు నాలుగు బండ్లున్న రోజు 0.6. ఆరున్న రోజు 0.7. తొమ్మిదున్న రోజు 0.8. రెండు వరుసల అంకెలూ నా చేతిరాతే, పక్కపక్కనే ఉన్నాయి. పొద్దంతా అంకెలు సరిచూసే మనిషిని, ఆ రెంటినీ ఒక్కసారి కలిపి చూడలేదు.

మూడు సెలవులు పెట్టి మంచిర్యాల, కరీంనగర్, వరంగల్ పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగాను. ఆ కారు తయారీ ఎప్పుడో ఆగిపోయింది. వేరే బండి జాలీ ఒకటి పెట్టించి చూశాను. గొట్టం సరిపోలేదు, సందులోంచి పొగ తన్నింది. నెలాఖరు దాటిపోయింది.

కారు క్వార్టరు ముందు టార్పాలిన్ కింద ఉంది. దాని మీద పడ్డ బొగ్గు దుమ్మును ఆదివారం ఆదివారం దులుపుతాను. ఇంజను స్టార్టు చేసి, బాగా వేడెక్కేదాకా ఆపకుండా ఉంచుతాను, ఇప్పుడు.

రావలసింది 0.5. ఉన్నది 0.9. ఈ రోజుకీ బాకీ సున్నా పాయింట్ నాలుగు.