పొలిక్సేని పాదాలకు కుదిరిన పాట

పగోనా ముప్పై ఏళ్లు కొండ ఊళ్లలో ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసింది. మొదటి జీతంతో టేప్ రికార్డరు కొంది. ఏటా ఆగస్టులో ఊరి ఉత్సవం జరిగినప్పుడల్లా దాన్ని క్లారినెట్ వాద్యకారుడి కాళ్ల దగ్గర పెట్టేది. రిటైరయ్యాక ఆ క్యాసెట్లన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించింది. రెండు వేల పైచిలుకు ఫైళ్లు. ఒక్కోదానికీ పాట పేరు కాదు, ఆ పాటకు వరస కట్టి ఆడినప్పుడు ఆట నడిపిన మనిషి పేరు పెట్టింది: ‘గొర్రెల స్తెర్గియోస్, చెప్పు తెగిన ఏడు’, ‘పంతులమ్మ, వానలో’. ఆ ఊళ్లో వరసకు ముందు నిలబడి ఎవరు ఆడితే పాట వాళ్లది.

ఒక మంగళవారం ఆమె బుద్ధి గడ్డి తింది. పాట విని తనంతట తానే పేరు పెట్టే ప్రోగ్రాము ఒకటి దించుకుని, తేదీలూ బొమ్మలూ కూడా వస్తాయన్న ఆశతో లైబ్రరీ మొత్తం దాని చేతిలో పెట్టి కాఫీ కాచుకోవడానికి లేచింది. తిరిగొచ్చేసరికి ఒక్క నెమ్మది ఆట కిందే నలభై మూడు ఫైళ్లు, అన్నిటికీ ఒకటే పేరు. పాత పేర్లు ఎగిరిపోయాయి. నకలు తీసి పెట్టుకోలేదు.

శనివారం ఆమె అన్న థెమిస్‌కు పెళ్లయి యాభై ఏళ్లు నిండుతాయి. ఎనభై ఎనిమిదో సంవత్సరం ఉత్సవంలో వదిన పొలిక్సేని నడిపిన నెమ్మది ఆటను ఆ రోజు మళ్లీ అలాగే వాయిస్తానని క్లారినెట్ నాసోస్ మాటిచ్చాడు. అప్పుడు వాయించింది అతని తండ్రి. ఆయన ఇప్పుడు లేడు. టేపు వింటే తప్ప నాసోస్‌కు దారి లేదు.

బుధవారం పొద్దున్నే అన్నా వదినా ఇద్దరూ వచ్చారు.

“వదినా, తిట్టనంటే చెబుతా.”

“తిట్టను. ఏం తగలబెట్టావు?”

“పాటలున్నాయి. పేర్లు పోయాయి.”

పొలిక్సేని తెర మీదికి వంగి చూసింది. “నలభై మూడు మందికీ ఒకే పేరా? మా మామగారు కూడా పిల్లలకి పేర్లు పెట్టడానికి ఇంత బద్ధకించలేదే!”

“అన్నీ ఒకే పాట కదా, ఏదో ఒకటి ఇచ్చెయ్యండి,” అన్నాడు థెమిస్.

ఆడవాళ్లిద్దరూ అతని వంక చూశారు.

“యాభై ఏళ్ల కాపురంలో మీ అన్న నేర్చుకున్నది ఇదీ,” అంది పొలిక్సేని.

అక్కడి క్లారినెట్ ఆట నడిపే మనిషి పాదాలను చూస్తూ మోగుతుంది. పాదం గాల్లో ఆగితే స్వరమూ ఆగుతుంది. అందుకే పాట ఒకటే అయినా ఒకరిది ఇంకొకరికి కుదరదు. ఆ సంగతి మనసులో మెదలగానే పగోనా ఆడేందుకు చోటుండేలా వంటింటి బల్లను గోడకు జరిపింది.

“చెప్పులు విప్పు వదినా.”

వరసలో ముందు ఇద్దరూ రుమాలు పట్టుకున్నట్టే, వంటింటి తువ్వాలు ఒక కొస పొలిక్సేని పట్టుకుంది, రెండో కొస థెమిస్ చేతికిచ్చారు. మొదటి ఫైలుకే ఆమె అడుగు తడబడింది.

“ఇదెవరమ్మా, మేకలా గెంతుతున్నారు?”

“విను, టప్‌మంది. స్తెర్గియోస్ చెప్పు!” పగోనా పేరు కొట్టింది.

పంతొమ్మిదోది సగం దాకా చక్కగా కుదిరింది. పొలిక్సేని ఉన్నట్టుండి ఆగింది. “ఇది నాది కాదే, మా అమ్మది. ఇక్కడ వంగి, మోకాలు పట్టేసి చప్పున లేవలేకపోయేది. క్లారినెట్ ఆయన ఆమె కోసం ఎంతసేపు ఆగాడో చూడు.” ఇంకోసారి పెట్టించుకుని విని, “ఊఁ, తరవాతది,” అంది.

ముప్పై ఒకటో ఫైలులో క్లారినెట్ పైకి పోయి నిలిచింది. పొలిక్సేని పాదమూ నిలిచింది. రెండూ కలిసి దిగాయి. చివరిదాకా ఒక్క అడుగు తప్పలేదు.

“ఇదే,” అన్నాడు థెమిస్. “ఆ ఆగిన చోటే నా వైపు తిరిగి నవ్వావు.”

“నీ వైపా? నీ వెనక మా చెల్లెలు మాంసం మాడుస్తోంటే నవ్వొచ్చింది.”

పగోనా పేరు కొట్టి, ఈసారి నకలు తీసి, ఫైలు నాసోస్‌కు పంపింది. కుర్చీలో చేరబడి కంప్యూటరు ఆపబోయింది.

“ఆగవే! ఇంకా పన్నెండు ఉన్నాయి,” అంది పొలిక్సేని, తువ్వాలు వదలకుండా. “పక్కింటి ఫోతినీని కేకెయ్. తన పాదాలు తనే తెచ్చుకుంటుంది.”

శుక్రవారానికి వచ్చినవాళ్లకు వంటిల్లు చాలక కంప్యూటరును వాకిట్లోకి మార్చాల్సి వచ్చింది.