సూది గురించి మన సంఘం ఏమంటది

లింగంపల్లి నుంచి మదీనాగూడ దాకా మాలాంటి సంఘం మరొకటి లేదనీ, ఆదివారం మూడొందల మంది కూర్చునేవారనీ, దాన్ని నేనొక్కణ్నే నిలబెట్టాననీ చాలామందికి చెప్పాను. మూడొందలు అబద్ధం. చంటిపిల్లల్నీ, క్రిస్మస్ బిర్యానీకి మాత్రమే వచ్చేవాళ్లనీ కలిపితే అరవై. చందానగర్‌లో టైల్స్ షాపు మీద కిరాయి హాలు. నిలబెట్టింది నలుగురం. నా వంతుగా కుర్చీలు మోయించాను, ఒక పాడుపని కూడా చేశాను.

సంఘాన్ని రిజిస్టర్ చేయించడానికి నిబంధనావళి కావాలన్నారు. మనం ఏం నమ్ముతామో అందులో వివరంగా రాద్దామని మాలో ఒకాయన, రిటైరైన లెక్కల మాస్టారు, అన్నారు. నేను నవ్వాను. చిన్నప్పుడు మా మిషన్ చర్చిలో ప్రతి ఆదివారం లేచి నిలబడి విశ్వాస ప్రమాణం అప్పజెప్పేవాళ్లం. నోరు కదిలేది, కళ్లు గుమ్మం వైపు ఉండేవి. ఆ చిలకపలుకులు వదిలించుకోవడానికే కదా బయటికొచ్చాం అన్నాను. "బైబిలుంది, చాలదా మాస్టారూ?" అని అడిగితే మిగతావాళ్లు ఆమెన్ అన్నారు. ఆ మాటకు ఆమెన్ అనని క్రైస్తవుడెవడు? తర్వాత మా కాలనీ సంక్షేమ సంఘం నిబంధనలు తెచ్చి, పేరు మార్చి, ఎవరూ చదవకుండానే సంతకాలు పెట్టించాను. ఒక్క పూటలో పని ముగించానని చాలాకాలం గొప్పలు పోయాను.

మా పాత పాస్టరుగారు చనిపోయాక కొత్తాయన వచ్చాడు. గోదావరి వైపు మనిషి, నలభైకి దగ్గర. వారమంతా హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఆదివారం వాక్యం చెప్పడం. పాడగలడా, ఎంతసేపు మాట్లాడతాడు, భార్య సండే స్కూలు చూసుకుంటుందా అని అడిగాం. ఏం నమ్ముతాడని అడగలేదు. అడిగినా, ఆయన జవాబును పోల్చి చూసుకోవడానికి మా దగ్గర ఏముంది?

మొదటి ఏడాది బాగానే గడిచింది. రెండో ఏడు, ప్రార్థనతోనే రోగాలు పోతాయనే స్వస్థత బోధ మీద పడ్డాడు. పోనుపోను, మాత్ర మింగేవాడికి విశ్వాసం లేనట్టే అన్నాడు. దేవుడు చేసిన మేలు లేచి చెప్పే సాక్ష్యాల సమయంలో జనం చేత మందులు తెప్పించి బల్ల మీద పెట్టించేవాడు. కానుకల సంచి పట్టుకు తిరిగేది నేను కాబట్టి, ఆ మందులు ఏరి కవర్లో వేసేదీ నేనే. నా బీపీ మాత్రలు మాత్రం ఇంట్లో బియ్యం డబ్బా వెనక ఉండేవి.

కొండాపూర్‌లో ఆడపిల్లల హాస్టల్లో వంట చేసే ఒకామె మా సంఘంలో ఉండేది. భర్త లేడు, ఒక్కతే కూతురు. ఆమెకు షుగర్, రోజూ ఇన్సులిన్ తీసుకోవాలి. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక మెట్ల మీద నన్ను ఆపింది.

"పెద్దయ్యా, జర ఒక్క మాట. అయ్యగారు సూది బంద్ పెట్టమంటున్నడు. దవాఖానల డాక్టరేమో బంద్ పెడితే పాణం పోతదన్నడు. మన సంఘం ఏమంటది?"

ఇక్కడ నేను అందరికీ చెప్పే కథ వేరే ఉంది. మెట్ల మీదే గర్జించాననీ, సూది మానితే ఊరుకోనని మందలించాననీ, ఆమే వినలేదనీ. సమాధుల తోటలో కూడా అదే చెప్పాను.

జరిగింది అది కాదు. సంఘం ఏమంటుందో నాకూ తెలియదు. మా సంఘం ఏమీ అనదు, ఎవరి చేతిలో మైకుంటే వాళ్లు అన్నదే మాట. పాస్టరును కాదంటే సంఘపెద్దగా నాకున్న పెద్దరికం పోతుందని భయం. "బైబిల్లో ఉన్నదే మన నమ్మకమమ్మా. ప్రార్థన చేసుకో, దేవుడే తెలియజేస్తాడు" అన్నాను. సరే పెద్దయ్యా అని దిగిపోయింది.

తర్వాతి ఆదివారం ఇన్సులిన్ పెట్టె బల్ల మీదికి వచ్చింది. నేనే తీశాను. ఫ్రిజ్‌లోంచి నేరుగా తెచ్చినట్టు ఇంకా చల్లగా ఉంది. ఆమె మరో ఆదివారం చూడలేదు.

పాస్టరును నిలదీశాం. ఆయన గొంతు పెంచలేదు. "నేను సంఘ బోధ తప్పానని ఎక్కడ రాసుందో చూపించండి. ఇవాళే వెళ్లిపోతానండి" అన్నాడు. మాస్టారు నిబంధనావళి తెరిచారు. అందులో పార్కింగ్ ఉంది, నీళ్ల ట్యాంకర్ ఉంది, పెంపుడు కుక్కలున్నాయి. ఆయన సగం మందిని వెంటబెట్టుకుని వేరే హాలుకు వెళ్లాడు. అక్కడా ఒక బల్ల ఉండే ఉంటుంది.

మిగిలినవాళ్లం నెలల తరబడి కూర్చుని రాశాం. దేవుడెవరు, క్రీస్తు ఏం చేశాడు, మనిషికి రక్షణ ఎలా. రోగి కోసం ప్రార్థిస్తాం, వైద్యాన్ని దేవుడిచ్చిన మేలుగా తీసుకుంటాం, మందు మానమనే అధికారం ఎవరికీ లేదు అని కూడా. ఇది రెండో బైబిలు కాదు. ఉన్న బైబిల్ని మేమెలా అర్థం చేసుకున్నామో అందరి ఎదుటా ముందే చెప్పడం. కాగితం మీద తప్పుంటే ఎవరైనా వేలు పెట్టి చూపించవచ్చు. నోటిమాట మీద వేలెక్కడ పెడతారు?

దాన్ని ఆమోదించే రోజు ఆమె కూతురు వచ్చింది. వెనక నిలబడి అంతా విని, నా దగ్గరికి నడిచి వచ్చింది.

"సమాధుల తోటల మీరు చెప్పింది విన్న. అమ్మ నాకు ఇంకో తీరు చెప్పింది. అసలేం చెప్పిండ్రు తాతయ్యా?"

గర్జించిన కథ నాలుక చివరే ఉంది. మాస్టారు నావైపే చూస్తున్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నా జన్మలో అంత చిన్న కథ చెప్పలేదు.

ఆ పిల్ల ఏడవలేదు. తనకు పంచిన ఆ కాగితం ప్రతిని నాకిచ్చింది.

"ఇగ ఎవరన్న అడిగితే ఇది చదివి చెప్పుండ్రి. మీ నోటితోని చెప్పకుండ్రి."

మళ్లీ రాలేదు. ఆ రోజే పెద్దరికం వదులుకున్నానని చెప్పుకుంటుంటాను. వదులుకోలేదు, తీసేశారు. బాప్తిస్మానికి వచ్చేవాళ్లకు ఆ కాగితం చదివి వినిపించే పని మాత్రం ఉంచారు. ఒక్క ముక్క కలపకుండా చదువుతున్నాను.