అన్నానికి ముందు పది వాక్యాలు

తనకు చదువు చెప్పమని నాయన నన్ను అడిగిన సాయంత్రానికి నాకు పదమూడేళ్ళు. ఎనిమిదో తరగతిలో ఉన్నాను. అడగడానికి ఆయన చాలా అవస్థ పడ్డాడు. ముందు నా పుస్తకాలు ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. ఇంట్లో పలక ఉందా అన్నాడు. పలకతో పని లేకుండా పోయి నాలుగేళ్ళయిందని చెప్పాను. చివరికి నేలవైపు చూస్తూ, "నాకు చదవను రాయను కుదురుగా రావాలమ్మా. ఫైర్‌మన్ పరీక్షకి పోవాల," అన్నాడు.

మేం బిట్రగుంట రైల్వే కాలనీలో ఉండేవాళ్ళం. నాయన ఇంజన్ల షెడ్డులో క్లీనరు. దూరం నుంచి వచ్చిన ఇంజను కింద దూరి బూడిద లాగడం, చక్రాలకూ కడ్డీలకూ పట్టిన మడ్డిని కిరోసిన్లో ముంచిన నూలు పీచుతో తుడవడం ఆయన పని. మా వాళ్ళది లోపలి పల్లె. వరి పండించేవాళ్ళు. ఉన్న కాస్త పొలం పెదనాయనలకే చాలక, నాయన పెళ్ళయ్యాక ఇటు వచ్చేశాడు. మూడో తరగతితో బడి మానేసిన మనిషి. పదకొండేళ్ళుగా క్లీనరుగానే ఉండిపోయాడు. తన తర్వాత చేరినవాళ్ళు పరీక్ష రాసి, పొయ్యిలో బొగ్గు వేసే ఫైర్‌మన్లుగా ఇంజను ఎక్కి వెళ్తుంటే, ఆయన కింద నిలబడి అదే ఇంజన్ను తుడిచేవాడు.

పరీక్ష మరీ పెద్దదేం కాదు. తెలుగులో అచ్చేసిన నిబంధనల పుస్తకం ఒకటి ఉండేది. ఏ సిగ్నలు ఎలా ఉంటే ఏం చెయ్యాలి, బండి నడుమ దారిలో ఆగిపోతే ఏం చెయ్యాలి, పొగమంచులో ఏం చెయ్యాలి, అవన్నీ అందులో ఉండేవి. కొన్ని నోటితో అడుగుతారు, కొన్ని రాయిస్తారు. నాయన ఆ పుస్తకాన్ని పాత గుడ్డలో చుట్టి తెచ్చాడు. మసి వేళ్ళతో ముట్టుకుంటే పాడవుతుందని నా చేతికే ఇచ్చాడు.

నాకు అప్పుడు గొప్ప ఉత్సాహం వచ్చింది. మా పంతులుగారు బళ్ళో వేసినట్టే నేనూ ఒక టైంటేబిలు వేశాను. సోమవారం చదవడం, మంగళవారం రాయడం, బుధవారం నిబంధనలు, ఇలా వారం మొత్తానికీ గళ్ళు గీసి, గంజితో గోడకు అంటించాను. నాయన దాని ముందు నిలబడి చాలాసేపు చూశాడు. బాగుందన్నాడు. ఆ కాగితం గోడమీద మూడు వారాలుంది. ఒక్క రోజు కూడా దాని ప్రకారం జరగలేదు.

ఎందుకంటే ఆయన డ్యూటీ వారం వారం మారేది. ఒక వారం పొద్దున ఆరింటికి పోయి రెండింటికి వచ్చేవాడు. మరో వారం మధ్యాహ్నం పోయేవాడు. ఇంకో వారం రాత్రంతా షెడ్డులోనే. వచ్చి ఒళ్ళు తోముకునేసరికే అరగంట పట్టేది. అన్నం తిన్నాక పుస్తకం ముందు కూర్చుంటే నాలుగో మాటకు ఆయన తల వాలిపోయేది. నేను మోకాలు తట్టి లేపేదాన్ని. ఉలిక్కిపడి, చదివిన మాటే మళ్ళీ చదివేవాడు. ఒకసారి నాకు విసుగొచ్చి, "నీకు చదువుకోవాలని లేదు నాయనా," అన్నాను. ఆయన కోప్పడలేదు. "ఉందమ్మా. కళ్ళే వినడంలా," అన్నాడు.

ఆ తర్వాత పది రోజులు మేం పుస్తకం తియ్యలేదు. నేను కూడా తియ్యమనలేదు. నిజం చెప్పాలంటే నాకు హాయిగా అనిపించింది. బడినుంచి వచ్చి, బావినుంచి నాలుగు బిందెలు మోసి, అమ్మతో పాటు పనంతా చేసుకుని, మళ్ళీ ఇంకొకరికి చదువు చెప్పాలంటే నా ఒళ్ళూ సహకరించేది కాదు.

పదకొండో రోజున నాయన రెండింటికి షెడ్డునుంచి వచ్చి స్నానం చేసి, అన్నం వద్దని చాప మీద కూర్చున్నాడు. నేను బడినుంచి వచ్చేదాకా అలాగే ఉన్నాడు. అమ్మ అప్పటికే రెండుసార్లు పిలిచి, కంచం మూతేసి, గొణుక్కుంటూ కూర్చుంది. నన్ను చూడగానే, "తింటే నిద్రొస్తా ఉంది. ఇంకమీదట తినకముందే చదువుకుందాం. పది వాక్యాలు. అంతకంటే వద్దు," అన్నాడు.

పది వాక్యాలతో పరీక్షకు ఎప్పటికి తయారవుతావని అడిగాను. అప్పుడు ఆయన చెప్పిన మాట నాకు ఇప్పటికీ జ్ఞాపకం. "పూర్తిగా ఆరిపోయిన ఇంజన్ని మళ్ళా వేడి చెయ్యాలంటే పూటంతా పడతాది. అందుకని షెడ్డులో నిలబెట్టినా కాస్త బొగ్గేసి ఉంచుతారు. మనమూ అట్నే ఉంచుకుందాం. ఆరిపోనియ్యొద్దు."

అలా మొదలైంది. ఆకలి ఆయన్ని మేలుకొలిపి ఉంచేది. పొద్దుటి డ్యూటీ వారంలో నేను బడినుంచి రాగానే కూర్చునేవాళ్ళం. మధ్యాహ్నం డ్యూటీ వారంలో మేం చద్దన్నం తినేముందు, తెల్లవారగానే. రాత్రి డ్యూటీ నుంచి వచ్చిన వారంలోనూ పొద్దున్నే. ఎప్పుడైనా సరే, ఆ పూట అన్నానికి ముందు. గోడమీద కాగితం ఊడిపోయింది, ఇంకొకటి రాసుకోలేదు. అమ్మకు మాత్రం ఈ ఏర్పాటు నచ్చలేదు. వేడన్నం చల్లారిపోవడం ఆమెకు మనిషిని అవమానించినట్టుండేది. "అన్నం ముందర పెట్టుకోని చదివే చదువు నేనెక్కడా చూళ్ళేదు," అనేది. అయినా పదో వాక్యం అయ్యేదాకా వడ్డించేది కాదు.

కార్తీకంలో వానలు పట్టుకున్నాయి. సముద్రం వైపునుంచి గాలి కొట్టి ఇంట్లోకి జల్లు వచ్చేది. ఆ నెల్లోనే అమ్మకు జ్వరం వచ్చి వారం మంచం పట్టింది. వంటా నీళ్ళూ నామీద పడ్డాయి. నాయన షెడ్డునుంచి వచ్చి అమ్మకు జావ కాచేవాడు. ఆ వారం రోజుకు ఒక్క వాక్యమే చదివాం. ఒకరోజు పొయ్యి ముందు నిలబడే చదివాడు. బండి గార్డు ఎర్ర జెండా చూపిస్తే ఏం చెయ్యాలో ఆ వాక్యంలో ఉంది. చదివి, పుస్తకం గుడ్డలో చుట్టి, జావ దించాడు.

మరుసటేడు వేసవికి ఆయనకు పుస్తకం దాదాపు నోటికి వచ్చేసింది. నేను నిబంధన పేరు చెబితే చాలు, ఆయన మొదటినుంచి చివరిదాకా అప్పజెప్పేవాడు. నేను గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని వినేదాన్ని. నాకు తేలిగ్గా ఉండేది. పరీక్షకు బెజవాడ పిలిచారు. అమ్మ ఉతికిన చొక్కా మడతపెట్టి ఇచ్చింది. మూడోరోజు తిరిగొచ్చాడు. ఎలా జరిగిందంటే, బాగానే అడిగారన్నాడు.

నెల తర్వాత తెలిసింది, ఆయన తప్పాడని. నోటితో అడిగినవన్నీ చెప్పాడట. రాతపరీక్షలో ఐదు ప్రశ్నలకు రెండే రాయగలిగాడు. రెండోదీ సగమే.

"నాకంతా గుర్తుండాదమ్మా. చెయ్యే రాలా. ఒక్కో అక్షరం దిద్దుకునేలోపల కాగితాలు లాక్కున్నారు," అన్నాడు.

నాకు వెంటనే అర్థమైంది. ఏడాది మొత్తంలో నేను ఆయన చేత రాయించింది పట్టుమని పదిసార్లు ఉండదు. రాయిస్తే పక్కన కూర్చుని దిద్దాలి, కళ్ళు తెరుచుకుని ఉండాలి. అప్పజెప్పించుకోవడానికి అంత శ్రమ లేదు. ఆ మాట దాచుకోలేక రెండురోజుల తర్వాత ఆయనతో అన్నాను. "నీ చేత రాయించకపోవడం నా తప్పు నాయనా."

ఆయన పెరట్లో కాళ్ళు కడుక్కుంటున్నాడు. చెంబు కింద పెట్టి, "నువ్వు అలిసిపోయుంటివి. నేనూ అలిసిపోతిని. ఇద్దరం తేలికయిన పనే చేసినాం," అన్నాడు. మళ్ళీ చెంబు అందుకుని, "కష్టమయింది మొదట చేద్దాం ఇంకమీదట," అన్నాడు.

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే నాకు బాగుండేదేమో.

ఆ ఏడాదే బళ్ళో నాకు లెక్కల్లో తక్కువ మార్కులొచ్చాయి. మార్కుల కార్డు మీద నాయన సంతకం చెయ్యాలి. అప్పటిదాకా అమ్మానాన్నల వేలిముద్రలే ఉన్న ఆ కార్డు మీద ఆయన మొదటిసారి పేరు రాశాడు. పెద్దపెద్ద అక్షరాలు, చివరిది గీత దాటి కిందికి జారింది. రాశాక పైన ఉన్న మార్కులు చూశాడు. అంకెలు చదవడం ఆయనకు ముందునుంచీ వచ్చు. అమ్మ ఇదంతా ఆయన చదువు వల్లే వచ్చిందని, పిల్లని వదిలెయ్యమని గట్టిగానే చెప్పింది. నాయన కార్డు నా చేతికిచ్చాడు. తర్వాత, తన పక్కనే కూర్చుని నా లెక్కలు నన్ను చేసుకోమన్నాడు. ఆయన రాసినంతసేపూ నేను లెక్కలు చెయ్యాలి. అయ్యాక ఒకరి పని ఒకరు చూడాలి. నా లెక్కలు ఆయనకు అర్థం కావుగదా అంటే, "చేసినావా లేదా అని తెలుస్తాది కదా," అన్నాడు.

ఇంట్లో గడియారం లేదు. సాయంత్రం కూర్చునే వారాల్లో పాసింజరు బండి వచ్చి వెళ్ళేదాకా లేవకూడదని పెట్టుకున్నాం. అది ఎప్పుడూ వేళకు వచ్చేది కాదు. ఒక్కోరోజు గంట ఆలస్యమయ్యేది. ఆరోజు మాకూ గంట ఎక్కువే. ఇద్దరం చెవులు అటే పెట్టుకుని, ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా రాసుకునేవాళ్ళం. నాయన వేళ్ళు పగిలి ఉండేవి. పగుళ్ళలోని మసి ఎంత తోమినా పోయేది కాదు. కలం పట్టుకుంటే పాళీ వంకర పోయేది. అందుకని మొదట పెన్సిలుతో, నా పాత నోటుపుస్తకాల్లో మిగిలిన ఖాళీ కాగితాల మీద రాయించాను. నేను తప్పుల కింద గీత గీసేదాన్ని. మొదటి నెలలో గీతలే ఎక్కువ, అక్షరాలు తక్కువ. 'స్తంభం' అనే మాట ఆయనకు ఎంతకీ కుదిరేది కాదు. సిగ్నలు స్తంభం అని ప్రతి నిబంధనలోనూ వచ్చేది. ఒకరోజు ఆయన ఆ మాట పదిహేనుసార్లు రాసి, పెన్సిలు పెట్టేసి, గోడకు తల ఆనించుకున్నాడు. నిద్రపోయాడనుకున్నాను. "కళ్ళు మూసుకుంటే కూడా అదే కనబడతా ఉందమ్మా," అన్నాడు.

అలా ఏడాదిన్నర గడిచింది. చెప్పుకోదగ్గ రోజులు అందులో ఎక్కువ లేవు. కూర్చున్నాం, రాశాం, తిన్నాం, పడుకున్నాం. ఎప్పుడు ఆయన చెయ్యి వేగం అందుకుందో, ఎప్పుడు నాకు లెక్కలంటే భయం తగ్గిందో నాకు తెలియదు. ఒకరోజు ఆయన కాగితం మీద గీత గియ్యడానికి ఒక్క తప్పూ దొరకలేదు. మరుసటి రోజు రెండు తప్పులొచ్చాయి.

రెండోసారి పరీక్షకు బెజవాడ వెళ్ళొచ్చిన ఆరు వారాలకు, మధ్యాహ్నం డ్యూటీ మొదలుకాకముందే నాయన షెడ్డుకు వెళ్ళి తిరిగొచ్చాడు. ఆదివారం కావడంతో నేను ఇంట్లోనే ఉన్నాను. చాప పరిచి, పెన్సిలు తీసుకుని, నన్ను పిలిచాడు. పొద్దున్నే కూర్చున్నాం కదా, మళ్ళీ ఎందుకని అడిగాను. కూర్చోమన్నాడు. కాగితం మీద నెమ్మదిగా ఒక వాక్యం రాసి నా వైపు తిప్పాడు. షెడ్డు గోడమీద అంటించిన జాబితాలో తన పేరు నాలుగోదిగా ఉందని, దాన్ని తానే చదువుకున్నానని రాశాడు. అందులో తప్పు లేదు. నేను లోపలికి పోయి అమ్మకు చెప్పాను. అమ్మ చేతులు కడుక్కుని వచ్చి ఆ కాగితం పట్టుకుని చూసింది. ఆమెకు చదవడం రాదు. "ఏది, ఈయన పేరు యాడుంది?" అని అడిగింది.

ఇంజను ఎక్కాక నాయన కష్టం తగ్గుతుందని మేం అనుకున్నాం. తగ్గలేదు. గూడూరు దాకా పోయి వచ్చేసరికి టన్నులకొద్దీ బొగ్గు పారతో ఎత్తి పొయ్యిలో వెయ్యాలి. మొదటిసారి వెళ్ళొచ్చినరోజు ఆయన చొక్కా విప్పుకోలేకపోయాడు. భుజాలు పైకి లేవలేదు. అమ్మా నేనూ చెరోవైపు పట్టుకుని విప్పాం. ఇంతకోసమేనా ఇన్నాళ్ళు చదివింది అని నేను అనేశాను. ఆయన గోడకు చేరగిలబడి, "నేనూ అదే అనుకుంటిని దారిలో. కానీ సిగ్నలు దూరంగా ఉండంగానే డ్రైవరు నన్నడిగినాడు, ఏముందో చెప్పమని. చెప్పినా," అన్నాడు. అంతే చెప్పి, తినకుండానే నిద్రపోయాడు.

ఆ తర్వాత మేమిద్దరం కలిసి కూర్చోవడం దాదాపు ఆగిపోయింది. ఆయన రెండురోజులకోసారి, మూడురోజులకోసారి వచ్చేవాడు. బడి చివరి పరీక్ష ఎస్.ఎస్.ఎల్.సి.కి నేను ఒక్కదాన్నే కూర్చుని చదువుకున్నాను. అప్పుడు తెలిసింది, పక్కన ఇంకొక మనిషి రాస్తుంటే వచ్చే బలం ఎంతో. ఒంటరిగా కూర్చున్న మొదటి వారాల్లో ప్రతి పది నిమిషాలకూ లేచి నీళ్ళు తాగేదాన్ని. అమ్మ అది గమనించింది. ఏమీ అడక్కుండా, సాయంత్రంపూట బియ్యం చేట తెచ్చుకుని నా పక్కన కూర్చుని రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది. ఏరిన బియ్యాన్నే మళ్ళీ ఏరుతోందని నాకు తెలుసు. నేను లెక్కలు చేసుకున్నాను. కష్టమైనది మొదట చేసేదాన్ని.

పరీక్షలు కావలిలో రాశాను. చివరిరోజు ఇంటికొచ్చి, పుస్తకాలు ఒకచోట పెట్టి, చాప మీద ఒరిగాను. నేను పాసవుతానో లేదో అప్పటికి తెలియదు. తర్వాత పాసయ్యాను, మామూలు మార్కులతో. ఆరోజు మాత్రం ఆ సంగతి ఆలోచించే ఓపిక కూడా లేదు. మధ్యలో ఎప్పుడో నాయన డ్యూటీనుంచి వచ్చినట్టు, అమ్మ నన్ను అన్నానికి లేపమంటున్నట్టు మగతలో వినిపించింది. లేవాలనుకున్నాను. "పడుకోనీ," అన్నాడు నాయన. మర్నాడు పొద్దెక్కేదాకా పడుకున్నాను.