కొరమీను మింగిన గాలి

ఇవాళ గుంటూరు చేపల మార్కెట్లో తొట్టిలోని కొరమీను ఒకటి పైకి వచ్చి గాలి మింగింది. చూడగానే నాకు ఒళ్లు మండిపోయింది.

మార్టూరు బడిలో నాతో చదివినవాళ్లారా, మన సైన్సు మేడం బకెట్లో కొరమీను తెచ్చి చూపించడం గుర్తుందా? "ఇది పైకొచ్చి గాలి మింగుతుంది గానీ దీనికి ఊపిరితిత్తులు లేవు. కానీ నీళ్లలో ఆక్సిజన్ చాలక ఇలాగే గాలి మింగిన పాతకాలపు చేపల్లో ఊపిరితిత్తులు పుట్టాయి. అవి మనదాకా వచ్చేసరికి కోట్ల ఏళ్లు పట్టింది" అన్నారు.

ఆ సాయంత్రమే మా నాన్న పనిచేసే గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ యజమాని మా ఇంటికి వచ్చాడు. కనురెప్పల మీద కూడా తెల్లదుమ్ముతో నాన్న దగ్గుతూ నిలబడ్డాడు. దుమ్ము లేవకుండా రాయి కోసేచోట నీళ్లు పెట్టించమని అడగడమే నాన్న చేసిన తప్పు.

"దుమ్ముకి అలవాటు పడాలయ్యా. మిగతావాళ్లు పడట్లా?" అన్నాడు యజమాని.

నేను ఊరుకోలేదు. "ఊపిరితిత్తులు మారడానికి కోట్ల ఏళ్లు పడుతుందంటండీ. మా నాన్నకి అంత టైమిస్తారా?"

"ముందు నీ కూతురి నోరు మూయించు. రేపట్నుంచి పనిలోకి రామాక" అని నాన్నతో అనేసి వెళ్లిపోయాడు.

పని పోయింది గానీ దగ్గు పోలేదు. నేను ఇంటర్‌లో ఉండగా, పడుకుంటే ఊపిరాడక, నాన్న గోడకి ఆనుకుని కూర్చునే చనిపోయాడు.

నిన్న మన గ్రూపులో ఆ యజమానికి సన్మానమని ఆహ్వానం పెట్టారు. ఎందరికో బతుకునిచ్చిన పెద్దమనిషట! నేను రాను. వెళ్లి చప్పట్లు కొట్టేవాళ్లు ఇక నాకు ఫోన్ చెయ్యకండి.