సజ్జా షెడ్డులో దిష్టి తెర

కారణం తేల్చడానికి నాకు నాలుగు రోజుల గడువిచ్చారు. కానీ ముదీర్, అంటే మా మేనేజరు, నా బల్ల మీద పెట్టిన కాగితంలో ‘కారణం’ అన్న గడి అప్పటికే నిండి ఉంది. ‘కార్మికుడి ఉద్దేశపూర్వక చర్య’ అని ఇంగ్లీషులో టైపు చేయించారు. కింద నా సంతకానికి చోటు మాత్రం వదిలారు. ఆ కార్మికుడు హయాత్ బాషా.

అది 2005 ఫిబ్రవరి. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఇరవై ఏళ్ళు నడిచిన మా వర్క్‌షాప్ అంతకు రెండు నెలల ముందే సజ్జాలో కొత్తగా కట్టిన షెడ్డుకు మారింది. కొండరాయిని పగలగొట్టే బ్రేకర్ యంత్రాలకు ఉక్కు మొనలు తయారు చేయడం మా పని. వాటి నాణ్యత చూడటం నా పని. ఒక్కొక్కటి మోచేతంత లావు, నడుమెత్తు పొడవు. ఫుజైరా వైపు కొండలు తొలిచి రోడ్డు వేస్తున్న కంపెనీకి జనవరిలో నలభై పంపాము. మూడు వారాల్లో పదకొండు విరిగాయి. పదకొండోది విరిగినప్పుడు దాని ముక్క ఒకటి యంత్రం క్యాబిన్ అద్దాన్ని చీల్చుకుని వచ్చి డ్రైవరు సీటు వీపులో దిగబడింది. ఆ క్షణంలో అతను నీళ్ళ సీసా కోసం కిందికి వంగి ఉన్నాడు. లేకపోతే నేను ఇప్పుడు వేరే విషయం రాస్తూ ఉండేవాణ్ణి.

ఆ నలభై మొనలకూ పానం పెట్టింది బాషాయే. ఉక్కును కొలిమిలో ఎర్రగా కాల్చి, సరైన క్షణంలో నీళ్ళలో ముంచి గట్టిపరచడాన్ని అతని ఊళ్ళో పానం పెట్టడం అంటారు. అతనికి వ్యతిరేకంగా సాక్ష్యమూ ఉంది. డిసెంబరులో కంపెనీ ఆటోమేటిక్ కొలిమి కొనే మాట ఎత్తినప్పుడు అతను క్యాంటీనులో పది మంది ముందు, “రానీయండి మిషన్ను. నా చెయ్యి లేకుంటే ఏమైతాదో అప్పుడు తెలుస్తాది” అన్నాడు. ఆ మాట తాను అనలేదని అతను ఎప్పుడూ బుకాయించలేదు. ఉద్దేశపూర్వకమని నేను సంతకం పెడితే వీసా రద్దవుతుంది, ఈ దేశంలో మళ్ళీ అడుగు పెట్టకుండా నిషేధం పడుతుంది. క్యాబిన్ అద్దం సంగతి పోలీసుల దాకా వెళితే అంతకంటే పెద్దదీ జరగవచ్చు. అప్పటికి అతనికి యాభై నాలుగేళ్ళు. అందులో ఇరవై నాలుగు ఈ దేశంలోనే గడిచాయి.

బాషాది కడప జిల్లా, నాపరాళ్ళ గనుల పక్కన ఒక పల్లె. రాయి కొట్టేవాళ్ళ ఉలులు పొద్దు గూకేసరికి మొద్దుబారిపోతాయి. వాటిని రోజూ సాగగొట్టి పానం పెట్టి ఇవ్వడం వాళ్ళింటి వృత్తి. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి హలీమాబీ కొలిమి తిత్తి ఊదేది. తాత బడే సాహెబ్ పని నేర్పాడు. కొండ మీద ఇనుపరాయి కరిగించుకుని బతికిన మనుషుల దగ్గర తాను ఈ విద్య నేర్చానని తాత చెప్పేవాడట. ఇది బాషా నాతో అన్న మాట. ఆ కొండల దిగువన, ఇనుము కరిగించాక మిగిలే చిట్టెం కుప్పలు నేనూ చూశాను గాని, అవి ఎవరివో, ఏ కాలానివో చెప్పగల ఆధారం నా దగ్గర లేదు. ఉన్నంతవరకే రాస్తున్నాను.

మొదటి రెండు రోజులూ నేను మామూలు దారిలోనే వెతికాను. ఉక్కు నాసిరకమా అంటే, అదే కడ్డీల నుంచి పాత షెడ్డులో చేసిన మొనలు ఇంకా పనిచేస్తున్నాయి. సజ్జాలో ట్యాంకరు నీళ్ళలో ఉప్పు ఎక్కువేమోనని పరీక్షకు పంపాను. కొంచెం ఎక్కువే గాని ఇన్ని మొనలు విరగడానికి అది చాలదు. బాషా కళ్ళను డాక్టరుకు చూపించాను. వయసుకు తగిన చూపే ఉందన్నారు. విరిగిన మొన లోపలి గరుకు మాత్రం ఒక నిజం చెప్పింది. పాత మొనను విరిచి చూస్తే లోపల బూడిద రంగులో పట్టులా నున్నగా ఉంది. కొత్తదాని లోపల పంచదార పలుకుల్లా మెరుస్తోంది. అంటే కాల్చవలసిన దానికంటే బాగా ఎక్కువ కాల్చారు. ముప్పై ఐదేళ్ళ అనుభవం ఉన్నవాడు తెలియక అంత కాలుస్తాడా? ఆ ప్రశ్న ముదీర్ పక్షాన ఉంది.

ఫోర్‌మన్ కృపాకర్‌ది అమలాపురం దగ్గర. చెడ్డవాడు కాదు, నోరు మాత్రం ఊరుకోదు.

“ఏంటండీ బాషా భాయ్, ఇంకా ఎన్ని విరగ్గొడతారు? మా ఆవిడ ప్రేమకుమారి వేసే జంతికలు నయమండీ. పన్ను విరుగుద్ది గానీ జంతిక విరగదు.”

బాషా నవ్వలేదు. “ఆ జంతికలే పంపియ్యి కృపాకరన్నా, కొండకు. నేను ఇంట్లో కూర్చుంటా,” అన్నాడు. అని, అటూ ఇటూ చూశాడు. ఆ రెండు రోజులుగా అతను అలాగే చూస్తున్నాడు. కొలిమి ముందు నిలబడితే వెనక్కి చూస్తాడు, నీళ్ళ తొట్టి దగ్గరికి వెళితే పక్కకు చూస్తాడు. తప్పు చేసినవాడి చూపు అలాగే ఉంటుందని కృపాకర్ నా చెవిలో అన్నాడు. 

మూడో రోజు రోడ్డు కంపెనీ తరఫున స్తమాతిస్ అనే గ్రీకు ఇంజనీరు వచ్చాడు. విరిగిన ముక్కలను తిప్పి తిప్పి చూశాడు. మాటలు తక్కువ. తర్వాత కొలిమి వైపు చాలాసేపు చూసి, ఆ మనిషి ఏదైనా కొండజాతివాడా అని నన్ను అడిగాడు. నేను బాషాకు చెప్పాను.

“తెగ కాదు సార్, మాది కడప జిల్లా అని చెప్పండి,” అన్నాడు బాషా.

టీ తాగుతూ స్తమాతిస్ తమ దేశపు పాత కథలు కొన్ని చెప్పాడు. నల్ల సముద్రానికి దక్షిణాన కొండల్లో ఖాలిబులనే జనం ఉండేవారట. నేల దున్నరు, పశువులను కాయరు. ఇనుము తవ్వి, కాల్చి, అమ్ముకుని తింటారు. ఎప్పుడూ పొగలో, మసిలో కనిపిస్తారు. ఉక్కుకు గ్రీకులో ఉన్న మాట వాళ్ళ పేరు నుంచే వచ్చిందని పండితులు అంటారు. ఇంకా పాత కథలో ఈడా అనే కొండ మీద దాక్తులులని ఉండేవారు. ఆ మాటకు వేళ్ళు అని అర్థం. ఒక దేవతకు సేవకులు. ఇనుమును మొదట కనిపెట్టింది వాళ్ళేనంటారు, మాంత్రికులనీ అంటారు.

“పని చేశారా, మంత్రం వేశారా?” అని అడిగాను.

“మా పూర్వీకులకు ఆ రెండింటి మధ్య తేడా కనిపించలేదు. దూరం నుంచి చూశారు, భయపడ్డారు.” అతను కప్పు కింద పెట్టాడు. “ఒక్కటి మాత్రం నాకెప్పుడూ వింతగా ఉంటుంది. మా కథల్లో లోహం పనివాళ్ళు పగటి వెలుగులో కనపడరు. ఎప్పుడూ గుహలో, లోయలో, అగ్నిపర్వతం కడుపులో. దేవతల కమ్మరి కూడా అంతే. ఎందుకో.”

అది కాలక్షేపం మాట. పురాణం సాక్ష్యం కాదు. అయినా అతను వెళ్ళాక నేను తల పైకెత్తి మా షెడ్డు కప్పు చూశాను. వెలుగు కోసం రేకుల మధ్య తెల్లటి ప్లాస్టిక్ రేకులు వేశారు. అవి చాలవన్నట్టు పట్టపగలే పెద్ద తెల్ల దీపాలు వెలుగుతున్నాయి. కింద ఒక్క సూది పడినా కనిపించే వెలుతురు.

కృపాకర్‌ను పిలిచి, పాత షెడ్డులో కొలిమి చుట్టూ ఏముండేదని అడిగాను.

“ఏముందండీ, ఆ గోనె పరదా. మసిపట్టి నల్లగా వేలాడేది. ఇక్కడికీ తెచ్చాడు. నేనే తీయించానండి. సేఫ్టీవాళ్ళు నిప్పు దగ్గర గోనె ఏంటన్నారు. నిజమే కదండీ.”

నిజమే. కృపాకర్ చేసినది తప్పు కాదు. నేను బాషాను ఆఫీసులోకి పిలిచి కూర్చోమన్నాను. అతను కూర్చోలేదు.

“ఆ పరదా ఎందుకు కట్టేవాడివి?”

అతను చేతి మసిని గుడ్డతో తుడుచుకున్నాడు.

“ఊరికే సార్. అలవాటు.”

“బాషా, రేపు గురువారం. నేను సంతకం పెట్టాలి. అలవాటు అని రాస్తే నిన్ను నేను కాపాడలేను.”

అతను తలుపు దగ్గరగా వేశాడు. “దిష్టి తెర సార్ అది. పానం పెట్టేటప్పుడు పరాయి చూపు పడితే ఇనుము పగులుతాదని మా తాత చెప్పినాడు. తెర లేకుండా నేనెప్పుడూ పెట్టలేదు. ఈడ ముప్పై మంది నన్నే చూస్తాంటారు. దించమన్నారు, దించినా. అందుకే ఇరిగినాయి.”

“నాకు ముందే ఎందుకు చెప్పలేదు?”

“మీరు ఇంగ్లీషు సదువుకున్నోరు. దిష్టి తగిలి ఇరిగినాయని చెప్తే ఏం రాసుకుంటారు సార్? పిచ్చోడనుకుంటారు. లేదంటే ఏదో దాస్తాండాడని అనుకుంటారు.”

నేను నిజంగా అలాగే అనుకుని ఉండేవాణ్ణి. ఈ మాట ఒప్పుకోవడం నాకు కష్టం, కానీ ఒప్పుకోకపోతే ఈ రాత పక్షపాతం అవుతుంది.

బాషా ఉక్కు వేడిని కంటితోనే కొలుస్తాడు. దానిమ్మ గింజ రంగు రాగానే తీయాలి. పట్టపగలు వత్తి దీపం వెలవెలబోయినట్టే, వెలుతురు ఎక్కువైతే కాలిన ఉక్కు ఎరుపు కూడా పాలిపోతుంది. ఇంకా కాలలేదనుకుని మరికాసేపు ఉంచుతాడు. తెర ఆపింది పరాయి చూపును కాదు, వెలుతురును. తాతకు ఆ సంగతి తెలుసో లేదో నాకు తెలియదు. మనవడికి మాత్రం తెలియదు. ఇదంతా నా ఊహ. ఊహ మీద సంతకం పెట్టను గనుక, స్తమాతిస్‌కు ఫోను చేసి కొలిమి వేడి కొలిచే మీటరు అరువు అడిగాను. సాయంత్రానికి పంపాడు.

గురువారం పొద్దున పరీక్ష పెట్టాను. అదే కొలిమి, అదే ఉక్కు, అదే నీళ్ళ తొట్టి. పది చిన్న ముక్కలు దీపాల వెలుతురులో, పది ముక్కలు చుట్టూ నిప్పంటని తార్పాలిన్ కట్టి. మీటరు తీగను ముక్కకు వేసిన బెజ్జంలో దూర్చి, అంకెలు బాషాకు కనిపించకుండా కృపాకర్ చేతికిచ్చాను. “ఇప్పుడు” అని బాషా అన్నప్పుడు ఎంతుందో కృపాకర్ రాయాలి. 

కాలవలసింది ఎనిమిది వందల యాభై డిగ్రీలు. వెలుతురులో పదికి పదీ తొమ్మిది వందల పది దాటాయి. తెర వెనక తొమ్మిది ముక్కలు ఎనిమిది వందల నలభై, ఎనిమిది వందల డెబ్భై మధ్య వచ్చాయి. కృపాకర్ కాగితం మీది అంకెలను వేలితో మళ్ళీ మొదటి నుంచి చూసుకున్నాడు. తర్వాత, “నేనే తీయించాను కదండీ ఆ పరదా,” అన్నాడు, నాతో కాదు, బాషాతో.

పదో ముక్క తొమ్మిది వందల ఐదు.

బాషా నా దగ్గరికి వచ్చాడు. “ఆ ఒక్కటి రాయకుంటే ఏమైతాది సార్? చెయ్యి వణికింది. గుండె కొట్టుకుంటాంది. అందుకే.”

“కావచ్చు. అదీ రాస్తాను. కానీ ఆ ఒక్కటి రాయకపోతే మిగతా తొమ్మిదిని ఎవరూ నమ్మరు. నమ్మకూడదు కూడా.”

అతను తలాడించాడు. ఒప్పుకున్నాడో, ఇక అనడానికి ఏమీ లేదనుకున్నాడో నాకు తెలియలేదు.

మధ్యాహ్నం ముదీర్ గదిలో ఆయన టైపు చేయించిన కాగితం పక్కన నా నాలుగు పేజీలు పెట్టాను. ఆయన లెబనాన్ వాడు, తొందర మనిషి. అయినా పూర్తిగా చదివాడు. చివరి పేజీ దగ్గర ఆగి, “తెర ఉన్నా పదిలో ఒకటి తప్పుతోందా?” అన్నాడు.

“ఈ పరీక్షలో తప్పింది.”

“అయితే ఆ మనిషి కావాలని చేయలేదు. ఖలాస్.” తన కాగితాన్ని సగానికి మడిచి చించాడు. “కానీ పదిలో ఒకటి నాకు చాలా ఎక్కువ. ఆటోమేటిక్ కొలిమికి ఈరోజే ఆర్డరు పెడతాను. మూడు నెలలు పడుతుంది. అప్పటిదాకా తెర, మీటరు రెండూ ఉండాలి.”

“ఆ తర్వాత బాషా?”

“అతని వీసా గడువు ముగిసేది ఆగస్టులో కదా. ఆగస్టులో చూద్దాం.”

అప్పటిదాకా అతన్ని తీసెయ్యరని రాసి ఇమ్మని అడిగాను. ఇవ్వలేదు.

బాషా తలుపు బయటే నిలబడి ఉన్నాడు. లోపలి మాటలు ఇంగ్లీషులో జరిగాయి గనుక అతనికి నా ముఖం తప్ప ఆధారం లేదు. విషయం మొత్తం తెలుగులో చెప్పాను. నిషేధం లేదన్నాను. కొలిమి వస్తుందన్నాను. ఆగస్టు సంగతి నాకు తెలియదన్నాను. ఓదార్చడానికి ఏదైనా చేర్చాలనిపించింది, కానీ చేర్చగల నిజం నా దగ్గర లేదు.

“మన దేశానికి మొహం చూపించుకోవచ్చు అయితే,” అన్నాడు. కాసేపాగి, “ఆ మీటరు చదివేది నేర్పిస్తారా సార్? అంకెలు తెలుసు నాకు. ఇంగ్లీషే రాదు,” అన్నాడు.

“రేపు సెలవు. శనివారం మొదలుపెడదాం.”

“శనివారం దాకా ఎందుకు సార్?”

ఇద్దరం కొలిమి దగ్గరికి నడిచాము. అతను తార్పాలిన్ లోపలికి వెళ్ళి, ఒక ముక్కకు మీటరు తీగ దూర్చి కొలిమిలో పెట్టాడు. మీటరును బోర్లించి నా చేతికిచ్చాడు. మంటలోకి చూస్తూ, కదలకుండా నిలబడి, “ఎనిమిది నూర్ల అరవై,” అన్నాడు. నేను మీటరు అతని వైపు తిప్పాను. దాని వైపు చూడటానికి అతను కొంచెం ఆలస్యం చేశాడు.