మాస్టారు కొట్టించేసిన పేరు

“మాస్టారు పోయారండి. నాలుగు రోజులైంది, మీ ఫోను కలవలేదు. ఆయన పేజీ తీసీమంటన్నారు సైటోళ్లు. తీసీనా?”

నేను ఏజెన్సీ కొండల్లో, సిగ్నల్ ఎప్పుడో గానీ అందని చోట పత్రిక వార్త పని మీద ఉన్నాను. పోయినది బడిలో నాకు లెక్కలు చెప్పిన మాస్టారు. ఫోను చేసినది గజపతినగరంలో ఆయన ఇంటి ముందుగదిలోని ఆన్‌లైన్ పాఠాల కేంద్రాన్ని ఇప్పుడు నడుపుతున్న అమ్మాయి. వచ్చి చెబుతానన్నాను.

ఆ సైటు ఆయన పాత శిష్యుడొకరు తయారుచేసింది. చేరేటప్పుడు ఎవరి మాట నమ్ముతారో పేర్లు ఇవ్వాలి. వాళ్లకు పనికొచ్చిన పాఠాలే మనకూ వరసగా వస్తాయి. పిల్లలందరూ మాస్టారి పేరే ఇచ్చారు. ఆయన దాన్ని కొట్టించేశారు. “నాను లెక్కల్లో ఎప్పుడూ తప్పలేదురా. ఆళ్ల కష్టం నాకేటి తెలుస్తాది?” అన్నారు నాతో.

2014లో కేంద్రం గురించి రాద్దామని వెళ్లినప్పుడు, ఇప్పుడు ఫోను చేసిన ఈ అమ్మాయిని మొదటిసారి చూశాను. ఇంటర్ లెక్కల్లో రెండుసార్లు తప్పింది. మళ్లీ తప్పితే చదువు మాన్పించి రొయ్యల షెడ్డులో పనికి పెడతామని ఇంట్లో చెప్పేశారు. పరీక్షకు పదకొండు రోజులుంది. సైటులో క్లాసు ఫస్టొచ్చిన అమ్మాయి పేరు పెట్టుకుని, వచ్చిన పాఠాలన్నీ చూస్తూ తలూపుతోంది.

“ఏటి బోధపడింది, సెప్పు,” అన్నారు మాస్టారు.

ఆమె పాఠాన్ని మళ్లీ మొదటికి జరిపింది.

“దాని పేరెందుకెట్టావే?”

“దానికన్నీ తెలుసు కదండి.”

“దానికి తెలుసు. నీకెందుకు తెలీటం లేదో దానికి తెలీదు. నీలాగే తప్పి లెగిసినోళ్ల పేరెట్టు.”

సైటులో వెతికితే గరివిడిలో అలాంటావిడ ఒకరు దొరికారు. మూడుసార్లు తప్పి, నాలుగోసారి గట్టెక్కారు. ఆ పేరు పెట్టగానే తెర మీదికి ఏడో తరగతి భిన్నాలు వచ్చాయి. అమ్మాయి ఏడ్చేసింది. మర్నాడు, సంతలో ఎండుచేపలు అమ్మే వాళ్లమ్మ బుట్టతో సహా గుమ్మంలోకి వచ్చింది.

“మాస్టారూ, పరీక్ష ఇంటరుదా, ఏడో క్లాసుదా? పిల్ల బతుకుతో ఆటలేటి?”

“నాలుగు రోజులు సూడమ్మా. కాకపోతే నన్ను తిట్టు.”

“తిట్టనేటి, ఈ బుట్ట తెచ్చి మీ నెత్తి మీద బోర్లిస్తాను.”

ఆమె వెళ్లాక, “నమ్మకముందా మాస్టారూ?” అని అడిగాను.

“బెంగగానే ఉన్నాదిరా,” అన్నారు. నేనక్కడున్న రెండు రోజులూ ఆయన, అమ్మాయి వెనక వేసుకున్న కుర్చీలోంచి లేవలేదు. ఒక్క లెక్కా తాను చెప్పలేదు.

అమ్మాయి పాసైంది, అత్తెసరు మార్కులతో. అది పేరు మార్చినందువల్లేనని నా దగ్గర రుజువు లేదు. వార్తలోనూ అలా రాయలేదు.

తిరిగొచ్చిన రోజే కేంద్రానికి వెళ్లాను. ఆమె మాస్టారి పేజీ తెరిచింది. డెబ్బై దాటాక ఆయన ఆ సైటులోనే తెలుగు టైపింగు నేర్చుకోవడం మొదలుపెట్టారట. ఆరు పరీక్షలు రాశారు, ఆరూ తప్పారు. ఆయన నమ్మినవాళ్ల జాబితాలో ఒక్కటే పేరు, ఆమెది.

“టైపింగులో నానూ శానాసార్లు తప్పాను కదండి,” అంది, తెర వైపే చూస్తూ.

“తీయకమ్మా,” అన్నాను.

ఆమెకు పనికొచ్చిన పాఠం ఆయన కోసం వచ్చి ఉంది: కీబోర్డు మీద మొదటి వరస అక్షరాలు, మరోసారి. దాని కింద ‘మొదలుపెట్టండి’ అన్న మీట పచ్చగా వెలుగుతోంది.